తీగ లేని నాకా

నా చిన్నప్పుడు తార్నాక చౌరస్తాలో గేటు ఉండేది కాదు. మా నానమ్మకు మాత్రం ఉండేది.

ఇప్పుడు తార్నాక అంటే ఫ్లైఓవరు, మెట్రో, సిగ్నలు దగ్గర పావుగంట విసుగు. అప్పుడది రెండు రోడ్లు కలిసే చోటు, అంతకన్నా గొప్పేమీ లేదు. మెట్టుగూడ వైపు నుంచి ఒక రోడ్డు వచ్చేది, యూనివర్సిటీలో నుంచి ఇంకోటి వచ్చేది. అక్కడ ఒక కిరాణా కొట్టూ ఒక ఇరానీ హోటలూ ఉండేవి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కొట్టు నీడ ఎటు జరిగితే అటు జరిగేవారు. మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. క్యాంపస్‌లోనే మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. నేను చెప్పబోయేది అరవై తొమ్మిది ఉద్యమం వచ్చి క్యాంపస్ దారుల్లో పోలీసులు నిలబడడానికి ముందటి ఏడాది సంగతి. నాకు పదేళ్ళు.

మా ఊరు ఉప్పల్ దాటి ఇంకా లోపలికి పోవాలి. తాతయ్య పోయాక నానమ్మ అక్కడ ఒక్కతే ఉండలేక మా దగ్గరికి వచ్చేసిందని మా నాన్న అందరికీ చెప్పేవాడు. ఆమె మాత్రం, కొడుకు ఇంట్లో పప్పు ఎట్లా ఉడుకుతోందో చూద్దామని వచ్చానని చెప్పేది, మా అమ్మకు వినపడేటట్టుగానే. మనిషి బక్కగా, పొడుగ్గా ఉండేది. ఎవరికీ జంకేది కాదు. ఆఫీసు పెద్దలు ఎదురొచ్చినా పక్కకు తప్పుకునేది కాదు, వాళ్ళే తప్పుకోవాలి.

అట్లాంటి మనిషి తార్నాక దగ్గర వంగేది.

వారానికోసారి కూరగాయలకు నన్ను తోడు తీసుకుని వెళ్ళేది. కిరాణా కొట్టు ఇంకా కొంత దూరం ఉందనగా ఆమె నడక మారేది. చేతిలో సంచి ఉంటే సంచి, కొంగులో మూట ఉంటే మూట, దాన్ని ఎడమ చంకలోకి లాక్కునేది. కుడి అరచెయ్యి దాని మీద కప్పి, నడుము దగ్గర రెండుగా మడత పడ్డట్టు వంగి, అట్లాగే కొన్ని అడుగులు వేసి, మళ్ళీ లేచి మామూలుగా నడిచేది. మాట్లాడుతూ ఉంటే మాట కూడా ఆపేది కాదు. వంగే మాట్లాడేది.

మొదటిసారి చూసినప్పుడు ఏదో కింద పడిందేమో, ఏరుకుంటోంది అనుకున్నాను. రెండోసారి అడిగాను.

"గీడ తార్ ఉంటుండె బిడ్డా. నాకా ఉంటుండె" అంది.

"ఇప్పుడు లేదు గదా నానమ్మా."

"నీకు లేదు" అంది. అంతే, చిక్కుడుకాయల బేరంలో పడిపోయింది.

తార్ అంటే ఉర్దూలో తీగ. నాకా అంటే వచ్చేపోయేవాళ్ళను ఆపి చూసే చౌకీ. ఆ రెండూ కలిసే మన తార్నాక అయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. అక్కడెవరో నవాబుగారి తోట ఉండేదని, దాని చుట్టూ ముళ్ళ తీగ, తోట మొదట్లో కాపలా చౌకీ ఉండేవని కొందరు అనేవారు. కాదు, పల్లెల నుంచి పట్నంలోకి వచ్చే సరుకును ఆపి సుంకం తీసుకునే నాకా అని ఇంకొందరు. ఇద్దరి మాటా నిజమే అయివుండవచ్చు. ఆ గేటుకు చెక్క తలుపులు, రాతి కమానులు ఏమీ లేవు. రోడ్డుకు ఇటొక స్తంభం, అటొక స్తంభం, మధ్యలో అడ్డంగా ముళ్ళ తీగ. పాతబస్తీ దర్వాజాలు కూలగొడితే రాళ్ళన్నా మిగిలాయి. దీన్ని తీసేసిన రోజున ఎవరో ఆ తీగను చుట్ట చుట్టుకుని ఇంటికి తీసుకుపోయి ఉంటారు. ఎప్పుడు తీశారో కూడా ఎవరికీ గుర్తు లేదు. చౌరస్తాకు పేరు ఒకటి మిగిలింది, మా నానమ్మకు ఆ వంగడం మిగిలింది.

నాకు ఆ చరిత్రతో పని లేదు. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు నవ్వుతారన్నదే నా బాధ. ఒకసారి ఒక కాలేజీ అబ్బాయి ఆమె వెనకాలే అట్లాగే వంగి నడిచి స్నేహితులను నవ్వించాడు. నానమ్మ చూడలేదు. నేను చూశాను. చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత నుంచి సరిగ్గా ఆ చోటుకు వచ్చేసరికి నా చెప్పు ఊడేది. నేను వెనకబడి, దాన్ని సరిచేసుకుని, ఆమె లేచి నిలబడ్డాక పరిగెత్తి కలుసుకునేదాన్ని. ఆ రోజుల్లో నా చెప్పులకు ఎన్ని రోగాలో.

మా నాన్నకు కూడా నామోషీగానే ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన నోటితో అనలేదు. "ఎండల ఎందుకమ్మా, రిక్షాల పోరాదా" అనేవాడు. ఆమె తన కాళ్ళ వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకునేది. మా అమ్మ మధ్యలో పడేది కాదు.

మా బడిలో ఒక తెలుగు టీచరమ్మ ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చింది. మాట తీరు మాకు కొత్త. ఆమె "ఏవిటర్రా" అంటే వెనక బెంచీలో ఎవరో ఒకరు "ఏవిటర్రా" అని సన్నగా అనేవారు. ఆమెకు వినపడేది, కోప్పడేది కాదు. తను కూడా నవ్వేసేది. నవ్వు విని కోపం తెచ్చుకోని పెద్దవాళ్ళను నేను అప్పటిదాకా చూడలేదు. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి ఆమె ఒక నాటకం రాసింది. తార అంటే నక్షత్రం. నాకం అంటే సంస్కృతంలో స్వర్గం. రెండూ కలిపితే తారానాకం, నక్షత్రాల స్వర్గం. దేవతలు భూమ్మీద ఒక మంచి చోటు కోసం వెతికి వెతికి, చివరికి మా చౌరస్తా దగ్గర ఆగి, అక్కడొక ద్వారం కట్టుకుంటారు. అదీ కథ. "అసలు సంగతి తీగా, చౌకీ అని నాకూ తెలుసర్రా. తీగ మీద నాటకం ఎవరు చూస్తారు?" అంది. మాకు తెగ నచ్చింది. రోజూ దుమ్ము తింటూ నడిచే చోటు స్వర్గం అంటే ఎవరికి చేదు?

ఆ ద్వారం పనిలో బడంతా పడింది. వెదురు బద్దలు, అట్టలు, సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం. ఇరానీ హోటలు ముందు పడ్డ ఖాళీ పెట్టెలన్నీ మేమే ఏరాం. వేదిక మీద ఉంచితే ఎవరికీ సరిగ్గా కనపడదని, వచ్చిన వాళ్ళందరూ అందులోంచే లోపలికి రావాలని టీచరమ్మ దాన్ని మైదానం మొదట్లో నిలబెట్టించింది. పైన ఒక పురికొసకు వెండి చుక్కలు గుచ్చి అడ్డంగా కట్టించింది. ఎంత పొడుగు మనిషైనా తల తగలకుండా దాటేంత ఎత్తులోనే. గాలికి ఆ చుక్కలు తిరుగుతుంటే కొనలు తళుక్కుమనేవి.

నేను ద్వారపాలకుల్లో ఒకదాన్ని. ఇంకొకరు ఒక లెక్చరర్ గారి అమ్మాయి. మాకు కాటుకతో మీసాలు దిద్ది, తువ్వాళ్ళతో తలపాగాలు చుట్టి, చేతిలో వెండి కాగితం చుట్టిన బల్లేలు పెట్టారు. అందరికన్నా పొడుగ్గా ఉన్నానని నన్ను తీసుకున్నారు. పొడుగు నానమ్మదే. ఆ మాట అప్పుడు తోచలేదు.

నానమ్మ రాకూడదని నేను చేయగలిగినంత చేశాను. నడుము నొస్తుందన్నాను, దుమ్ము అన్నాను, కుర్చీలు చాలవన్నాను. "నా పిల్ల స్వర్గంల జవానయితాంటే నేను రాకుంటె ఎట్ల?" అని ఆమె బొబ్బర్ల గుడాలు ఉడకబెట్టి మూట కట్టింది, ఆట అయ్యేసరికి నాకు ఆకలవుతుందని.

ఎండ ఇంకా పూర్తిగా వాలకముందే జనం రావడం మొదలైంది. లెక్చరర్ల భార్యలు, ఆఫీసు వాళ్ళు, వాళ్ళ పిల్లలు. మేమిద్దరం బల్లేలు అడ్డం పెట్టి, ఎత్తి, లోపలికి పంపిస్తున్నాం. టీచరమ్మ ద్వారం బయట పన్నీరు బుడ్డితో నిలబడి అందరి మీదా చల్లుతోంది. అమ్మానాన్నలు వచ్చారు, లోపలికి వెళ్ళారు. నానమ్మ వాళ్ళ వెనక కొంచెం దూరంలో వస్తోంది. ముదురు ఎరుపు నేతచీర కట్టుకుంది, అది పెళ్ళిళ్ళకు మాత్రమే తీసేది. వచ్చి, తల ఎత్తి ద్వారం వైపు చూసింది. పైన చుక్కల తాడు ఎండలో మెరిసింది.

గుడాల మూట చంకలోకి పోయింది. కుడి చెయ్యి దాని మీద కప్పింది. వంగింది. తార్నాకలో కన్నా కిందికి, దాదాపు మోకాళ్ళ దాకా వంగి, నా బల్లెం కింద నుంచి దాటింది.

వెనక వరస కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "ఏమైంది ఆమెకు?" అన్నారు. నా పక్కనున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నానమ్మ లేచి నిలబడి, నన్ను పోల్చుకుని, మైదానమంతా వినపడేటట్టు "ఓ బిడ్డా! మీసాలు నీకు మీ తాత లెక్కనే ఉన్నయి!" అంది.

కిసకిసలు కాస్తా పెద్ద నవ్వయ్యాయి. భూమి చీలి అందులోకి పోతే బాగుండు అని జనం ఊరికే అంటారు, నేను నిజంగానే నేల వైపు చూశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాటుక మీసాలు పెట్టుకున్న జవాను ఏడవకూడదు, ఏడుస్తున్నాను.

టీచరమ్మ నా ముఖం చూసింది. పన్నీరు బుడ్డి పక్క పిల్లకిచ్చి, ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, తను కూడా నానమ్మ వంగినంతా వంగి ద్వారం దాటింది. దాటి, వెనక వస్తున్న వాళ్ళతో, "వంగి రండి, వంగి రండి! స్వర్గంలోకి నిలబడి రాకూడదండీ" అంది నవ్వుతూ. జనానికి అదొక సరదా దొరికింది. లెక్చరర్ల భార్యలు, పట్టుచీరల వాళ్ళు, కోటు వేసుకున్న ఒక పెద్దాయన, అందరూ వరసగా వంగుతూ, నవ్వుకుంటూ రావడం మొదలుపెట్టారు. నా పక్క అమ్మాయి వాళ్ళ నాన్న కూడా వంగాడు. ఒక్క నిమిషంలో మా నానమ్మ చేసింది తప్పు కాకుండా పోయింది, అది ఆ సాయంత్రం నియమమైంది. నా గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

అప్పుడు నానమ్మ వెనక్కి తిరిగింది.

ఆమెకు కనపడింది వేరు. మంచి బట్టలు కట్టుకున్న వాళ్ళు ఒకరి వెనక ఒకరు, తను వంగినట్టే వంగి, పకపక నవ్వుతూ తన మీదికి వస్తున్నారు. వాళ్ళ ముందు బడి పంతులమ్మ.

"ఏంది పంతులమ్మా? ముసలిదాన్ని చూసి అందరు కల్సి ఎక్కిరిస్తున్నరా?" అంది. "గప్పుడు గాళ్ళు నవ్విండ్రు. గిప్పుడు మీరు నవ్వుతున్నరు."

ఎవరు వాళ్ళు అన్నది అక్కడ ఎవరికీ తెలియదు. నానమ్మ గుడాల మూట నా కాళ్ళ దగ్గర పెట్టి, ద్వారం పక్క నుంచి, కుర్చీల వెనక నుంచి, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మా నాన్న లేచి ఆమె వెనక పరిగెత్తాడు. నాటకం జరిగింది. నా మాటలు నేను చెప్పాను. దేవతలు వచ్చారు, వాళ్ళను ఆపాను, పేర్లడిగాను, లోపలికి వదిలాను. చప్పట్లు కూడా కొట్టారు.

అమ్మతో కలిసి ఇంటికి వచ్చేసరికి నానమ్మ చీరలు మూట కడుతోంది. పొద్దున బస్సుకు ఊరికి పోతానంటోంది. నాన్న గుమ్మంలో నిలబడి అడ్డం పడుతున్నాడు, ఆ ఇంట్లో ఎవరున్నారని, కప్పు కారుతోందని, ఎట్లా ఉంటావని. ఆమె మూట వదలడం లేదు. ముడి వేస్తోంది, అది సరిగ్గా పడలేదని విప్పి మళ్ళీ వేస్తోంది. నన్ను చూసి, "గుడాలు తిన్నవా?" అని మాత్రం అడిగింది. తినలేదు. తిన్నానని తల ఊపాను.

ఇంకా దీపాలు పెట్టలేదు, టీచరమ్మ వచ్చింది. బడి నుంచి నేరుగా నడిచి వచ్చినట్టుంది, చీర అంచంతా దుమ్ము. నాన్న గాభరాగా కుర్చీ వేశాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, నానమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. మూటకు ఇటు ఆమె, అటు ఈమె.

"తప్పయిపోయిందమ్మా" అంది. "మిమ్మల్ని చూసి నవ్వడానికి కాదు. మీరు వంగితే జనం నవ్వారు. ఈ పిల్ల ముఖం చూశాను. పాపం, అవమానంతో చచ్చిపోతోంది. అందరం వంగితే దానికి సిగ్గు పోతుంది కదా అని నేనూ వంగాను. అంతకన్నా ఏమీ అనుకోలేదమ్మా."

పాపం ఆమె నిజమే చెప్పింది. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి నిజం కాక ఇంకేం చెబుతుంది? ఆ నిజంలో నేనున్నానన్న సంగతి ఆమెకు తట్టలేదు. అప్పటిదాకా నానమ్మ అనుకున్నది, ఊరివాళ్ళు కాని వాళ్ళెవరో తనను చూసి నవ్వారని. తన మనవరాలు తనను చూసి తల దించుకుందని ఆమెకు తెలియదు. చెప్పులు ఊడడం కూడా నిజమేననుకుంది, పోయిన వారం నాకు కొత్త జత కొనిపించమని నాన్నతో పోట్లాడింది కూడా.

నేను తలుపు వెనక ఉన్నాను. ఇంకా తలపాగా తీయలేదు. నానమ్మ చేతులు ముడి మీద ఆగిపోయాయి. తల తిప్పి నా వైపు చూసింది.

"సిగ్గయిందా బిడ్డా నీకు?"

కన్నీళ్ళు మీసాల మీద పడి, నల్లగా గడ్డం దాకా కారాయి. అంత సిగ్గు నేను మైదానంలో పడలేదు. అప్పటిది జనం ముందు సిగ్గు. ఇది ఆమె ముందు సిగ్గు. నన్ను తిడుతుందనుకున్నాను. లేదంటే ఏమీ అనకుండా పొద్దున బస్సెక్కుతుంది, మళ్ళీ రాదు. రెండోదానికే ఎక్కువ భయపడ్డాను.

ఆమె మూట పక్కకు జరిపి నేలను చేత్తో తట్టింది, వచ్చి కూర్చోమని. కూర్చున్నాను. తలపాగా తనే విప్పింది, దానితోనే నా ముఖం తుడిచింది.

"నాకు గూడ గట్లనే అయింది ఒకపారి" అంది.

అప్పుడు చెప్పింది. నన్ను చూస్తూ మొదలుపెట్టింది, తర్వాత ఎవరినీ చూడలేదు.

ఆమెకు పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళు. తాతయ్యకు జ్వరం వచ్చి, నెయ్యి అమ్మడానికి మొదటిసారి ఒక్కతే పట్నం బయలుదేరింది. నెత్తిన గంప, భుజం మీద పసివాడు. నాకా దగ్గర ఇద్దరు జవాన్లు మంచం వేసుకుని కూర్చునేవారు. బండి వస్తే తీగ దించేవారు. ఆడవాళ్ళు నడిచి వస్తే దించేవారు కాదు. వంగి పోవాలి. వాళ్ళు వంగుతుంటే వీళ్ళు చూసేవారు, ఏవో మాటలు అనుకుని నవ్వేవారు. అందరూ అట్లాగే వంగి పోయేవారు, నవ్వు వినపడనట్టు. ఆ రోజు అక్కడ ఆమె తల్లిగారి ఊరివాళ్ళ బండ్లు ఆగి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆమెను ఎరిగిన వాళ్ళు. మేనమామ వరస వాళ్ళు కూడా ఉన్నారు.

"గాళ్ళ ముంగట వంగబుద్ధి కాలే" అంది. "ఏమయితది, వంగకుంటె? గంప దించి అవతలికి తోసిన. చేత్తోని తీగె పైకి లేపి, నిలవడే దాటిన. జవాన్లు నవ్వలే. మా ఊరోళ్ళు చూసిండ్రు. మంచిగనిపించింది. గంతల్నే తీగె చేతిలకెళ్ళి జారింది."

మా నాన్న కుడి కనుబొమ మీద నుంచి జుట్టులోకి ఒక తెల్లటి మచ్చ ఉండేది. చిన్నప్పుడు మంచం మీంచి పడ్డాడని అందరికీ తెలుసు. ఆయన కూడా అదే చెప్పి నవ్వేవాడు, మంచం మీద కుదురుగా పడుకోవడం కూడా రాలేదు నాకు అని. ఆ మాట విన్నాక గదిలో ఎవరం ఆయన వైపు చూడలేదు.

"కన్ను పొయ్యేదుండె" అంది నానమ్మ. "వెంట్రుకవాసిల తప్పింది. నెత్తురు ఆగలే. గా నవ్వే జవానే లేచొచ్చి, తన దస్తీ చింపి కట్టు కట్టిండు. ఇంటికొచ్చి మంచం మీదకెళ్ళి పడ్డడని చెప్పిన. మీ తాతకు గూడ గదే చెప్పిన. పొయ్యేదాంక గాయనకు తెల్వది."

ఆ తర్వాత తీగ దగ్గర ఎవరు నవ్వినా, ఎవరు చూసినా, పసివాడి తల మీద చెయ్యి కప్పి వంగేదట. వాడు పెద్దవాడై బడికి పోయాక కూడా. నాకా తీసేశాక కూడా. వంగొద్దనుకున్నా నడుము దానంతట అదే వంగుతుందట. ఇవాళ ద్వారం మీద ఆ చుక్కలు మెరిసేసరికి మళ్ళీ తీగే అనిపించిందట.

"గందుకే, సిగ్గయితది బిడ్డా. అందరికి అయితది" అంది నాతో. "నీ సిగ్గుకు ఎవ్వలకు నెత్తురు రాలే. నువ్వు మంచిగనే ఉన్నవు."

నాన్న వచ్చి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మచ్చ మీద వేలు పెట్టుకుని తడుముకున్నాడు.

"నాకు తెల్వనే తెల్వదు అమ్మా" అన్నాడు.

"తెల్వొద్దనే గద చెప్పలే" అంది ఆమె. ఆ మాటతో ఏడ్చేసింది. నానమ్మ ఏడవడం అదే నేను చూసింది. టీచరమ్మ లేచి, మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది.

పొద్దున మూట విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేసి ఉన్నాయి. ఎందుకు ఆగిపోయిందని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు పైగా మాతోనే ఉంది, తార్నాకలో వంగుతూనే ఉంది. ఆమె వంగినప్పుడు చుట్టూ ఎవరు చూస్తున్నారా అని చూడడం నేను మానేశానంటే గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. తగ్గించాను. చెప్పులు మాత్రం మళ్ళీ ఊడలేదు.

చాలా ఏళ్ళు దీన్ని నేను పిల్లలకు చెప్పే నీతి కథలాగే మనసులో పెట్టుకున్నాను. నలుగురు చూస్తున్నారని ఆలోచిస్తే మనవాళ్ళకే దెబ్బ తగులుతుంది, జాగ్రత్త అని. నాకూ పిల్లలు పుట్టి, వాళ్ళ దగ్గర దాచుకోవలసినవి నాకూ కొన్ని పోగయ్యాక గానీ ఆ సాయంత్రం ఆమె చేసిందేమిటో తెలియలేదు. ఆమె ఆ కథ చెప్పనక్కర లేదు. నన్ను ఒక్క మాట తిట్టి ఊరుకోవచ్చు. పోనీలే, చిన్నపిల్ల అని వదిలేయవచ్చు. కట్టుకున్న మొగుడికి చెప్పలేదు, మచ్చ మోస్తున్న కొడుక్కి ముప్పై ఏళ్ళకు పైగా చెప్పలేదు. అట్లాంటిదాన్ని కోడలి ముందు, అప్పుడే గొడవపడ్డ పంతులమ్మ ముందు, ఆ కొడుకు ముందే బయటపెట్టింది. నల్లటి మరకల ముఖంతో ఒక పిల్ల తల ఎత్తలేకుండా నిలబడి ఉందని. నా సిగ్గు ఒంటరిగా ఉండకూడదని తన సిగ్గును తెచ్చి దాని పక్కన పెట్టింది.

టీచరమ్మ ద్వారం దగ్గర చేయబోయింది కూడా ఆ పనే. ఆమె మంచితనాన్ని నేను ఈనాటికీ తక్కువ చేయను. కాకపోతే ఆమె వంగినందుకు ఆమెకేమీ పోలేదు. మా నానమ్మకు పోయింది. కొడుకు కళ్ళలో తనెట్లా కనపడతానో తెలియకుండానే ఆమె నోరు విప్పింది.

అందుకని, నా ముందు ఎవరైనా తల దించుకుని నిలబడితే, పర్లేదులే అనడం నాకు చేతకాదు. ఆ మాట ఎంత చవకదో నాకు తెలుసు. నా దగ్గరున్న వాటిలో ఒకటి వెతుకుతాను. అందరికీ చెప్పి నవ్వించేది కాదు, చెబితే నాకు నిజంగా ఏదో ఒకటి పోయేలాంటిది. దొరికిన ప్రతిసారీ చెప్పగలిగానని అనను. చాలాసార్లు మింగేశాను. ఒకసారి మా అమ్మాయి, దానికప్పుడు ఇరవై ఏళ్ళు, తలుపు వేసుకుని లోపల కూర్చుంది. ఏం చేసిందో నాకు తెలిసిపోయిందని దానికీ తెలుసు. నేను లోపలికి వెళ్ళి దాని పక్కన మంచం మీద కూర్చుని, వాళ్ళ నాన్నకు కూడా ఎన్నడూ చెప్పనిది ఒకటి చెప్పాను. చెప్పడం అయ్యేసరికి అది నా చెయ్యి పట్టుకుని ఉంది.

ఏం చెప్పానో ఇక్కడ రాయను. అది మా అమ్మాయికి ఇచ్చేశాను.